దర్జీలకు సెలవు

బర్కత్‌పురా చమన్ దాటినంక
మెట్ల కింద నా దుకాణం.
రెండు మిషన్లు, ఒక బల్బు,
ముప్పై ఎనిమిదేండ్ల సంది నేను ఒరిగిన గోడ మీద
నా వీపంత నూనె మరక.

సూది గుచ్చుకునుడు మాకు లెక్క కాదు.
వేలు నోట్ల పెట్టుకుంటం, ఉప్పగ తగుల్తది,
మళ్ల అంగీ అందుకునే లోపల
నెత్తురు తనకు తానే టాకా ఏసుకొని
దారం తెంపేసేది.

పోయిన ఎండకాలం గుండెల స్టెంటు ఏసిండ్రు.
డాక్టరమ్మ చీటీ ఎనక గీసి చూపెట్టింది:
"నీ నెత్తుర్ల సన్న సన్న దర్జీలుంటరు వీరస్వామీ,
చిరుగు కండ్లవడితె చాలు, గుంపుగ ఉరికొస్తరు.
ఈ కొత్త తీగెను గూడ చిరుగే అనుకుంటరు,
కుట్టి కుట్టి తొవ్వే మూసేస్తరు.
ఈ గోలీ వాళ్లకు సెలవు.
నేను చెప్పేదాక షటర్ లేపొద్దు."

నవ్వొచ్చింది.
బోనాలకైనా, రంజానుకైనా ఒక్కనాడు మూయని దుకాణం నాది.
నా లోపలోళ్లకు మాత్రం ఏడాది సెలవు!

బస్సు రాడ్ తగిలితె చెయ్యి మీద నేరేడు మచ్చ.
గడ్డం గీసుకుంటె తువ్వాల ఎర్రగ.
సుగుణ బుగులువడ్డది,
"కొన్నొద్దులు ఆపరాదు" అన్నది.
కాజాలు కుట్టే జహంగీర్ తల ఎత్తలేదు.
"మా అన్న గిట్లనే ఆపిండు చాచా,
మచ్చలు జూసి. ఎవ్వర్ని అడగలే.
పన్నెండో దినం షాలిబండల
మగ్గం మీదనే ఒరిగిండు.
జరీ దారం ఇంక వేళ్లకే ఉండె."
మిషన్ చప్పుడు ఆగింది.
కొద్దిసేపు ఎవ్వరం పెడల్ తొక్కలేదు.

ఆషాఢంల పన్ను లేసింది.
సగం రాత్రి మందుల షాపుకు పోతె
పిలగాడు నొప్పుల గోలీ చింపిచ్చిండు.
నా చెయ్యి జేబులకు పోయింది –
కొలతల చీటీల నడుమ మడిచిన మందుల చీటీ.
సదివి, గోలీని మళ్ల డబ్బల ఏసుకున్నడు,
"ఇది గట్ల కలిపి ఏస్కోవద్దు తాతా,
కడుపుల నెత్తురు వడ్తది" అన్నడు.
ఇరవై ఏండ్లుండవు వానికి. దండం పెట్టబుద్ధయ్యింది.

పండ్ల డాక్టరు డాక్టరమ్మకు ఫోన్ చేసిండు.
ఇద్దరు ఏమనుకున్నరో, గోలీ ఆపలేదు.
దూది కొరికి పట్టుకొని
నల్లకుంటల బెంచి మీద గంటన్నర కూసున్న,
మాట్లాడకుంట. సుగుణ అంటది
పెండ్లయినంక గిదే మొదటిసారట.

ఇయ్యాల రాత్రి మళ్ల గుచ్చుకుంది.
పెండ్లిపిలగాని తెల్ల షేర్వాణీ మీద
కుంకుమ చుక్కంత.
వేలిని గుడ్డతోని ఒత్తి పట్టిన, పది నిమిషాలు.
నడుమల ఎత్తి చూడొద్దన్నది డాక్టరమ్మ.
గంత సేపు ఊకె కూసునుడు నాకు రాదు.
బయట వాన. ఇస్త్రీ బండి మీద పట్టా తపతప.
ఎదురింట్ల ఎవరో కూరకు పోపు ఏసిండ్రు.
ఈ గల్లీల ఇన్ని చప్పుళ్లున్నయని
నాకు ఇన్నేండ్లు తెల్వదు.

చల్లనీళ్లు, ఇంత ఉప్పు. మరక పోయింది.
జహంగీర్ దీపానికి పట్టి జూసి, ఊఁ అన్నడు.

తొమ్మిదైంది.
గోలీ ఏసుకున్ననా, లేదా? యాదికి లేదు.
రెండు ఏస్కునుడు గూడ తప్పే.
గోడ దిక్కు చూసిన –
నూనె మరక పక్కపొంటి
దినానికొకటి, దర్జీ సుద్దతోని గీసిన గీతలు.
ఇయ్యాలటిది లేదు.

నీళ్లు తాగిన.
గీసిన.